పొద్దు చూసి చెప్పిన పేరు

ఓబులేసు స్వామి ఎవరి ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవాడు కాడు. అడిగినవాడి చేతికి కుండ ఇచ్చి, దిగుడుబావి నుంచి నీళ్ళు తెమ్మనేవాడు. బావికి డెబ్భై మెట్లు. చాలామంది ప్రశ్నలు ఆ మెట్ల మీదే తీరిపోయేవి. కుండ దించి, నుదురు తుడుచుకుని, "ఏం అడుగుదామని వచ్చినానో మరిచిపోయినాను స్వామీ" అనేవారు. "మంచిది. అయితే అది నీది కాదు, ఎవరిదో వెంట తెచ్చుకున్నావు" అనేవాడు. నీళ్ళు దించిన తరువాత కూడా ప్రశ్న మిగిలి ఉన్నవాడికే ఆయన ఎదుట చోటు.

మద్దిలేటి రెండు కుండలు తెచ్చాడు. అయినా అతని ప్రశ్న పోలేదు.

ఎర్రమల కొండల కింద స్వామి కట్టుకున్న రాతి గుడిసెలో మేము నలుగురు శిష్యులం ఉండేవాళ్ళం. అందరిలో మాట తక్కువవాడు మద్దిలేటి. వాళ్ళ ఇంటివాళ్ళు ఏడు తరాలుగా పచ్చకామెర్లకు పసరు పోస్తారు. ఆ ఆకు ఏదో, ఎలా నూరాలో పెద్దకొడుక్కు తప్ప మరొకరికి చెప్పరు. ఆ నెలలో అతని తండ్రి మంచం పట్టాడు. "అమావాస్య లోపల వచ్చి విద్య తీసుకో. రాకపోతే అది నాతోనే మట్టిలో కలుస్తుంది" అని కబురు చేశాడు.

"స్వామీ, నలభై ఊళ్ళ జనం మా వాకిట్లోకి వస్తారు. ఆస్పత్రికి కూడా పోకుండా వస్తారు" అన్నాడు మద్దిలేటి. "మా వంశం చేతిలో ఏదో ఉందంటారు. నా చేతిలో నాకేమీ కనపడదు. ఇట్లాంటి శక్తి రక్తంలో వస్తుందా? రాకపోతే, నేను పోసిన పసరు తాగి చచ్చినవాడి పాపం ఎవరిది? వస్తే, కాదని ఇక్కడ కూర్చోవడం పాపం కాదా?"

స్వామి కొంతసేపు అతని చేతుల వైపు చూశాడు.

"మీ ఇంట్లో పిల్లలు ఎంతమంది?"

"నేనూ, అక్కా. తమ్ముడొకడు ఉండేవాడు. ఆరేళ్ళప్పుడు పోయినాడు."

"ఏమై?"

"చలిజ్వరమని చెప్పినారు స్వామీ. నన్ను అప్పుడు మేనమామ ఇంటికి పంపించినారు. నేను చూడలేదు."

స్వామి తల ఊపాడు. చేయి వెనక్కి పోనిచ్చి తన నడుము ఒకసారి తడుముకున్నాడు. అరవై ఏళ్ళు దాటినా ఆయన వీపు నిలబెట్టిన బండలా నిటారుగా ఉండేది. "ఈ నడుము సంగతి మీకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పింది ఇది.

పాతికేళ్ళ వయసులో ఓబులేసు నాపరాళ్ళ గనిలో కూలి. ఒకరోజు ఇద్దరు ఎత్తవలసిన బండను పంతానికి ఒక్కడే ఎత్తబోయాడు. నడుము పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తోటి కూలీలు అతన్ని నులకమంచం మీద బోర్లా పడుకోబెట్టి మోసుకుపోతూ, "ఏం ఓబులేసూ, నువ్వు రాయిని ఎత్తినావా, రాయి నిన్ను ఎత్తిందా?" అని నవ్వారు. నవ్వుతూనే మూడు మైళ్ళు మోశారు. వాళ్ళు పోయింది సుంకమ్మ ఇంటికి.

కవలలను కన్న తల్లి మడమతో తొక్కితే పట్టిన నడుము విడుస్తుందని ఆ గనుల ప్రాంతంలో నమ్మకం. సుంకమ్మ ఇంటి మీద ఆ నమ్మకం మరీ గట్టిది. సుంకమ్మకు ఇద్దరు కవల ఆడపిల్లలు. సుంకమ్మ కూడా కవలల్లో ఒకతె. ఆమెతో పాటు పుట్టిన ఎల్లమ్మకు చిన్నప్పుడే దూరదేశం మనువు కుదిరి పోయిందని ఊళ్ళో చెప్పుకునేవారు. వాళ్ళను కన్న తిప్పమ్మ కూడా తన కాలంలో తొక్కింది. తిప్పమ్మ తల్లీ తొక్కింది. అది ఆడవాళ్ళ వరుసలో దిగివస్తున్న వరం. సుంకమ్మ భర్త రెండేళ్ళ కిందట గనిలో బండ జారి పోయాడు. ఊరికి దూరంగా, వాడకం మానేసిన పాత గని అంచున ఉన్న ఇంట్లో సుంకమ్మ, ముసలి తిప్పమ్మ, పిల్లలు ఉండేవారు.

ఆ ఇంటి పద్ధతులు కచ్చితమైనవి. వైద్యం మూడు రోజులు, పూటకు ఒకసారి. రోగి గడపరాయి మీద బోర్లా పడుకోవాలి. సుంకమ్మ ఎడమ మడమతో మూడుసార్లు తొక్కుతుంది. ఉదయం పెద్దపిల్ల, సాయంత్రం చిన్నపిల్ల వచ్చి తల దగ్గర నిలబడి రోగి నెత్తి మీద చేయి పెట్టాలి. అయిపోయాక రోగి తన చేత్తో ఆ పిల్లకు బెల్లం ముక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే నొప్పి తిరిగి ఇంటికి నడిచి వస్తుందట.

"ఇద్దరినీ ఒక్కసారే పిలిస్తే పోదా?" అని మంచం మోసినవాళ్ళలో ఒకడు అడిగాడు.

"మా ఇంట్లో కవలలను కలిపి చూపించం నాయనా" అంది తిప్పమ్మ. "దిష్టి. మా అవ్వ నాటి ఆచారం."

ఆచారం అన్న మాట వినగానే మన దేశంలో మనిషి అడగడం మానేస్తాడు. వాళ్ళూ మానేశారు. ఓబులేసును వసారాలో దించి వెళ్ళిపోయారు.

మొదటి రోజు ఉదయం ఎర్ర పావడా కట్టుకుని, ఒంటి జడతో పెద్దపిల్ల వచ్చింది. ఎనిమిదేళ్ళు ఉంటాయి. పేరు చెంచమ్మ. బెల్లం ఇస్తే అక్కడే నోట్లో వేసుకుంది. సాయంత్రం పచ్చ పావడా, రెండు జడలతో చిన్నపిల్ల అమృతమ్మ వచ్చింది. ఆ పిల్ల బెల్లం తీసుకుంది గాని తినలేదు. పోయి గోడ గూట్లో పెట్టింది. వసారాలో పడుకున్న ఓబులేసుకు ఆ గూడు కనిపిస్తూనే ఉంది. అందులో అప్పటికే నల్లబడిన బెల్లం ముక్కలు చాలా ఉన్నాయి. చీమలు బారు కట్టాయి. పొదుపు తెలిసిన పిల్ల అనుకున్నాడు. దీపాలు పెట్టేవేళ తిప్పమ్మ లోపలి నుంచి "ఎల్లమ్మా" అని పిలిచింది. దీపం ముందు అమ్మవారి పేరు తలుచుకుంటోంది కాబోలు అనుకున్నాడు. పలికింది మాత్రం సుంకమ్మ.

రెండో రోజు ఉదయానికి అతను లేచి కూర్చోగలిగాడు. అది నిజం. స్వామి ఈ మాట దగ్గర ఆగి, "అది నిజం" అని మాకు రెండుసార్లు చెప్పాడు. ఆ ఉదయం బెల్లం తీసుకుని పరుగెత్తబోయి చెంచమ్మ బండ అంచుకు కాలు తన్నుకుంది. కుడికాలి బొటనవేలి గోరు లేచిపోయింది. ఓబులేసు పక్కనే ఉన్న గాయపాకు తుంచి, నలిపి, ఆ వేలికి పసరు పిండాడు. పిల్ల ఏడవలేదు. పెదవి కరుచుకుని నిలబడింది.

"ఏడవచ్చు తల్లీ, ఎవరూ ఏమనరు" అన్నాడు.

"మా ఇంట్లో ఏడవగూడదు" అంది.

సాయంత్రం అమృతమ్మ వచ్చింది. పచ్చ పావడా, రెండు జడలు. నెత్తి మీద చిన్న చేయి పడింది. గడప మీద బోర్లా పడుకున్నవాడికి కనిపించేవి ఎదుటివాళ్ళ పాదాలే. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. దాని చుట్టూ గాయపాకు పసరు ఆకుపచ్చగా ఎండి ఉంది.

ఓబులేసు తల ఎత్తి చూసేసరికి సుంకమ్మ కూడా ఆ వేలి వైపే చూస్తోంది.

మూడో రోజు ఉదయం ఎర్ర పావడా పిల్ల బెల్లం తీసుకుంది. తినలేదు. కుంటుకుంటూ పోయి గూట్లో పెట్టింది.

"అదేం చెంచమ్మా? పొద్దున ముక్క నువ్వు తింటావు కదా?"

"అది నాది కాదు."

"మరి మాపటిది ఎవరిది?"

"అదీ నాది కాదు."

"మరి నీది ఏది తల్లీ?"

పిల్ల జవాబు కోసం తల్లి వైపు చూసింది. పరీక్షలో మరిచిపోయిన పాఠం కోసం పక్కవాడి వైపు చూసినట్టు కాదు. తన చెప్పులు ఎక్కడ ఉన్నాయని అడిగినట్టు చూసింది. అప్పుడు ఓబులేసు గోడ పట్టుకుని తనంతట తాను నిలబడ్డాడు. మూడు రోజుల తరువాత నిటారుగా నిలబడటం అదే మొదలు.

"రెండో పిల్ల ఏదమ్మా?" అన్నాడు.

సుంకమ్మ పిల్లను లోపలికి పొమ్మంది. తిప్పమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది, చాట ఆపలేదు. సుంకమ్మ గడప మీద కూర్చుని, నేల వైపు చూస్తూ చెప్పింది. నాలుగు నెలల కిందట అమృతకు జ్వరం వచ్చింది. బండిలో పట్నం ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ఒడిలో పోయింది. బండి వెనక్కి తిప్పుకుని తానూ తిప్పమ్మా ఎవరి కంటా పడకుండా వచ్చి, పాత గనిలో పూడ్చి పైన బండ పరిచారు.

"ఒంటి పిల్ల తల్లి తొక్కితే నడుము విరుగుతాదంటారు అన్నా. తెలిస్తే ఇంకెవరు వస్తారు? గనిలో నడుములు పట్టినోళ్ళు యాడికి పోవాల? మా ఇంట్లో తరాలుగా నిలిచిన దీపం నా చేతిలో ఆరిపోవాల్నా?"

"ఏడ్చినావా?"

"ఏడిస్తే వినపడతాది కదన్నా."

ఆ సీమలో కవలల్లో ఒకరు పోతే, ఆ ఈడు కొయ్యబొమ్మ ఒకటి చెక్కించి, పదిమంది ఎదుట గోతిలో పక్కన పెట్టి, "ఇది నీ తోడు, మా బిడ్డను మాకు వదిలిపెట్టు" అని చెప్పి మట్టి వేస్తారు. వేయకపోతే పోయినది బతికినదాన్ని పిలుస్తూ ఉంటుందంటారు. ఓబులేసు ఆ మాట అడిగాడు.

"బొమ్మ చెక్కాల్సింది వడ్ల బ్రహ్మయ్య. ఆయనకు చెప్పడమూ ఊరికి చెప్పడమూ ఒకటే" అంది సుంకమ్మ.

"సుంకమ్మా, నా నడుము చూడు. ఒక్క పిల్లే ఉంటే కూడా బాగైంది. ఇరగలేదు. ఇద్దరు ఉంటేనే అన్నది ఉత్తమాటని నీకే తెలిసె. ఇంకా ఆ బిడ్డకు ఈ వేషం ఎందుకమ్మా? పొద్దున తినే ముక్క కూడా ఈ రోజు తినలేదు. నువ్వు చూసినావు కదా."

సుంకమ్మ మొదటిసారి తల ఎత్తింది. "ఒక్కతె ఎట్లయితాది? నిన్న మాపున నీ నెత్తిన చేయి పెట్టింది ఎవరనుకున్నావు?" అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. అదే భయంకరం. తనను తాను మోసం చేసుకున్న మనిషి కళ్ళలో కనిపించే శాంతి ఆమె కళ్ళలో కనిపించింది. "అయినా ఇందులో వింతేముంది అన్నా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ నాకూ ఇట్లే చేసింది. ఏం, నేను బతకలేదా?"

దీపం వేళ 'ఎల్లమ్మా' అన్న పిలుపు ఓబులేసుకు అప్పుడు అర్థమైంది. దూరదేశం మనువు ఎక్కడికో అర్థమైంది. కవలలను కలిపి చూపించకూడదన్న ఆచారం ఆ ఇంట్లో ఎందుకు పుట్టిందో కూడా అర్థమైంది.

"బతికింది ఎవరమ్మా?" అన్నాడు.

చాట ఆగింది. సుంకమ్మ తన తల్లి వైపు తిరిగింది. కూతురు తనవైపు ఎలా చూసిందో, సరిగ్గా అలాగే చూసింది. ముసలామె ఆ చూపు తీసుకోలేదు. జొన్నల్లో రాయి ఏరి అవతల పారేసి, మళ్ళీ చెరగసాగింది.

"నాయనా" అంది తిప్పమ్మ కొంతసేపటికి, చాట మీద నుంచి కన్ను ఎత్తకుండానే. "నీ నడుము బాగైందా?"

"బాగైంది అవ్వా."

"అయితే నడుచుకుంటా పో. ఈ మాట గడప దాటిందా, అది మళ్ళా పట్టుకుంటాది. ఈసారి తొక్కేవాళ్ళు ఉండరు."

అప్పుడు అతను చేయవలసింది ఒకటే. ఊళ్ళోకి పోయి పెద్దలను పిలవాలి, వడ్ల బ్రహ్మయ్య చేత బొమ్మ చెక్కించాలి, ఆ బండ ఎత్తించాలి. ఆ తల్లి పదిమందిలో గుండెలు బాదుకుని ఏడ్చి ఉండేది. ఊరు నాలుగు రోజులు తిట్టి, అయిదో రోజు గంజి తెచ్చి ఇచ్చి ఉండేది. ఆ బిడ్డ మిగిలేది. ఓబులేసు ఊళ్ళోకి పోయాడు. మంచం మోసినవాళ్ళు ఎదురొచ్చి, "ఏం రా, రాయి దించేసిందా నిన్ను?" అన్నారు. నవ్వాడు. నడుము మీద చేయి వేసుకుని, "మహత్యం గల ఇల్లు" అన్నాడు. మరునాడు గనికి పోయి బండ ఎత్తాడు.

"నేను ఆ ముసలామె శాపానికి భయపడ్డాను" అన్నాడు స్వామి మాతో. "దయ అని, ఆడకూతురి పరువని, నాకు నేను చాలా పేర్లు చెప్పుకున్నాను. అవేవీ కావు. నా నడుము నాకు ఆ బిడ్డ కంటే ఎక్కువైంది. ఆ తరువాతే రాయి ఎత్తడం రోత పుట్టి ఇటు వచ్చాను. వచ్చినంత మాత్రాన ఆ పిల్లకు ఒరిగింది ఏమీ లేదు."

అయిదేళ్ళ తరువాత ఆయన ఒకసారి ఆ దారిన పోయాడు. ఇంటి ముందు రోగులు బారులు తీరి ఉన్నారు. గడప దగ్గర పదమూడేళ్ళ పిల్ల నిలబడి ఉంది. సన్నగా, నెమ్మదిగా, ముఖాన ఏ కష్టమూ లేకుండా ఉంది. కుడికాలి బొటనవేలి గోరు వంకరగా మొలిచింది. ఆయన బెల్లం ముక్క చేతిలో పెట్టి, "నీ పేరేంది తల్లీ?" అని అడిగాడు.

పిల్ల చప్పున చెప్పలేదు. ముందు తల ఎత్తి పొద్దు ఎక్కడ ఉందో చూసింది. చూసి, అప్పుడు చెప్పింది.

స్వామి అంతటితో ఆపాడు. బయట ఎండ కొండ మీదికి జరిగింది. మద్దిలేటి మాత్రం వదలలేదు. రెండు కుండలు మోసినవాడు కదా.

"ఆ పిల్ల ఇప్పుడు..."

"పెళ్ళయింది. కవలలు పుట్టినారట, ఆడపిల్లలే. ఇప్పుడు తొక్కేది ఆమె. దూరదూరాల నుంచి కూడా వస్తారు. మంచి పేరు ఉంది." అన్నాడు స్వామి. "పిల్లలను కలిపి చూపించరట."

"అయితే స్వామీ, ఆ ఇంట్లో శక్తి ఉన్నట్టా, లేనట్టా? రక్తంలో వచ్చినట్టా, రానట్టా?"

"నా నడుము బాగైంది. ఆ మాట నేను అబద్ధం చెప్పను" అన్నాడు స్వామి.

తరువాత లేచి, మూలన ఉన్న మద్దిలేటి సంచి తానే తెచ్చి అతని చేతిలో పెట్టాడు. శిష్యుడి సంచి ఆయన అందివ్వడం మేము అంతకుముందు చూడలేదు. మద్దిలేటి కాళ్ళకు దండం పెట్టి వాకిలి దాటుతుండగా వెనక నుంచి పిలిచాడు.

"అమావాస్యకు ఇంకా మూడు రోజులు ఉన్నాయి, పో. పసరు చేతికి తీసుకునే ముందు మాత్రం, చివరి రోజున నీ తమ్ముడి కళ్ళు ఏ రంగులో ఉన్నాయో మీ నాయనను అడుగు."